ఓర్చుకోవడం వేరు, నిలదొక్కుకోవడం వేరు

(శ్రీకాకుళంలో గ్రంథాలయ పాఠకుల కోసం ఏర్పాటైన సభలో ఒక విశ్రాంత మనస్తత్వశాస్త్ర అధ్యాపకురాలు చేసిన ప్రసంగానికి అక్షరరూపం. చివర సభికుల ప్రశ్నలు, ఆమె జవాబులు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. నాకు అరగంట ఇచ్చారు. పాఠాలు చెప్పినవాళ్లకు గంట కొడితే గానీ ఆగే అలవాటు ఉండదు. ఇక్కడ గంట లేదు కాబట్టి ముందు వరుసలో ఉన్న మాస్టారు వాచీ చూసుకుంటే అదే గంట అనుకుంటాను.

శ్రీకాకుళం మనుషుల గురించి బయటివాళ్లు తరచూ ఒక మెచ్చుకోలు మాట అంటారు. 'పాపం, వాళ్లకు ఓర్పు ఎక్కువండీ' అని. తుఫాను వచ్చిన ప్రతిసారీ అంటారు. వలస కూలీల గురించి మాట్లాడినప్పుడు అంటారు. ఉద్దానం కిడ్నీ రోగుల ప్రస్తావన వస్తే అంటారు. మనమూ విని లోలోపల కాస్త పొంగిపోతాం. మాది విజయనగరం, మా గురించి కూడా ఇదే మాట చెబుతారు, కాబట్టి నేనూ పొంగిపోయినదాన్నే. అయినా నాకు ఆ మాట మీద పేచీ ఉంది. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది ఆ పేచీ గురించే.

ఓర్పు చెడ్డదని అనను. కానీ ఎదుటివారి ఓర్పును మెచ్చుకోవడంలో మెచ్చుకునేవాడికి ఒక వెసులుబాటు ఉంది. ఓర్చుకునేవాళ్ల కోసం ఏమీ చేయనక్కర్లేదు. 'మా కోడలికి భూదేవంత ఓర్పు' అని అత్తగారు పదిమందిలో అన్నదంటే, ఇక ఆ కోడలు నోరు విప్పే దారి మూసుకుపోయినట్టే. (నవ్వులు) నవ్వినవాళ్లలో అత్తలూ ఉన్నారు, కోడళ్లూ ఉన్నారు, ఇక్కడి నుంచి కనిపిస్తోంది.

నిబ్బరం అంటే నేను అనుకునేది చెబుతాను. బాధ కలిగినప్పుడు ఇది బాధ అని ఒప్పుకోవడం. అది లోపల ఉండగానే ఆ పూటకు చేయవలసిన పని చేయగలగడం. చేతకానప్పుడు మరొకరిని పిలవడం. ఇందులో మింగడం అనే పని ఎక్కడా లేదు. మింగడాన్ని మనం నిబ్బరం కింద జమ వేసుకుంటున్నాం, అక్కడే లెక్క తప్పుతోంది.

మింగితే ఏమవుతుందో కొలిచి చూసినవాళ్లు ఉన్నారు. జేమ్స్ గ్రాస్ అనే అమెరికన్ పరిశోధకుడు, ఆయనతో పనిచేసినవాళ్లు 1990ల నుంచి దీని మీద ప్రయోగాలు చేశారు. మనసును కలచివేసే దృశ్యాలు చూపిస్తారు. కొందరితో 'నీ ముఖంలో ఏమీ కనిపించనివ్వకు' అంటారు. వాళ్ల ముఖం నిజంగానే ప్రశాంతంగా ఉంటుంది. కానీ ఒంటికి అంటించిన పరికరాలు చూస్తే లోపల ఉద్రేకం పెరిగిపోయి ఉంటుంది. పైగా ఆ సమయంలో చూసినవీ విన్నవీ సరిగ్గా గుర్తుండవు. 2003లో వచ్చిన మరో అధ్యయనం నాకు ఇంకా ఆశ్చర్యం కలిగించింది. ఇద్దరు మహిళలను కూర్చోబెట్టి మాట్లాడుకోమన్నారు. ఒకరికి మాత్రం రహస్యంగా, నీ భావాలు బయటపడనివ్వకు అని చెప్పారు. అప్పుడు రక్తపోటు పెరిగినవాళ్లలో ఏమీ తెలియని ఆ రెండో మహిళ కూడా ఉంది! ఇంట్లో ఒకరు పళ్ల బిగువున అన్నం వడ్డిస్తుంటే మిగతావాళ్లకు ముద్ద ఎందుకు దిగదో మనకు ప్రయోగం లేకుండానే తెలుసు. కొలిచి చెప్పారు, అంతే.

అయితే కక్కేద్దామా? అదీ చూద్దాం.

కోపం విషయంలో మన దగ్గర రెండు సలహాలు చలామణిలో ఉన్నాయి. ఒకటి మింగెయ్ అనేది, రెండోది లోపల పెట్టుకోకు, కక్కెయ్ అనేది. ఈ రెండో సలహా వెనక ఒక ఊహ ఉంది. మనసు చెరువు లాంటిదనీ, కోపం అందులో నీరనీ, నిండితే గట్టు తెగుతుంది కాబట్టి ముందే మదుము ఎత్తి కొంత వదలాలనీ. వినడానికి సబబుగానే ఉంది. కానీ చెరువులో వదిలిన నీరు తగ్గుతుంది. కోపం వదిలిన కొద్దీ తగ్గుతుందా? బ్రాడ్ బుష్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇదే పరీక్షించి 2002లో ఫలితాలు ప్రచురించాడు. ఆరు వందల మంది కాలేజీ విద్యార్థుల చేత తలా ఒక వ్యాసం రాయించారు. మరో విద్యార్థి దాన్ని చదివి చీల్చి చెండాడినట్టుగా వ్యాఖ్యలు రాసి తిరిగి ఇచ్చారు. ఒళ్లు మండదా మరి! అప్పుడు కొందరికి బాక్సింగ్ సంచి చూపించి, నిన్ను తిట్టినవాణ్ని తలుచుకుంటూ గుద్దు అన్నారు. కొందరిని వ్యాయామం అనుకుని గుద్దమన్నారు. ఇంకొందరిని రెండు నిమిషాలు ఊరకే కూర్చోబెట్టారు. తర్వాత ఆ తిట్టినవాడి చెవుల్లో పెద్ద చప్పుడు మోగించే అవకాశం అందరికీ ఇచ్చారు. తలుచుకుంటూ గుద్దినవాళ్ల కోపమే అందరికన్నా ఎక్కువగా మిగిలింది. చప్పుడు కూడా వాళ్లే గట్టిగా మోగించారు. ఊరకే కూర్చున్నవాళ్లు అందరికన్నా తక్కువ మోగించారు.

అంటే కోపం దిగిపోయే పదార్థం కాదు, తలుచుకున్న కొద్దీ తయారయ్యేది. గొడవ జరిగే చోటు నుంచి లేచి పెరట్లోకి వెళ్లడం మంచి పనే. ఒంట్లో లేచిన ఆవేశం దిగడానికి చాలామందికి ఇరవై నిమిషాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. కానీ పెరట్లో నిలబడి 'ఆవిడ అంత మాట అంటుందా, నేనూ ఈ మాట అనుండాల్సింది' అని గొడవ మొత్తాన్ని మొదటినుంచీ మళ్లీ ఆడించుకుంటే, పెరట్లో ఉన్నామన్న మాటే గానీ గొడవలోనే ఉన్నాం. అక్కడ చేతికి ఏదో ఒక పని ఇవ్వాలి. గిన్నెలు తోమండి, మొక్కలకు నీళ్లు పోయండి, సైకిల్ తుడవండి. ఏదైనా సరే, బుర్ర కాస్త దాని మీద పెట్టాల్సిన పని అయితే చాలు.

ఊపిరి సంగతి చెప్పాలి. మన పట్టణంలో కోడి రామ్మూర్తి పేరుతో క్రీడా మైదానం ఉంది. ఇక్కడి పిల్లల్లో ఎంతమందికి ఆయనెవరో తెలుసో నాకు అనుమానమే. వీరఘట్టం మనిషి, దేశమంతా పేరు మోగిన మల్లుడు. ఛాతీకి ఇనుప గొలుసు చుట్టించుకుని, ఊపిరి నింపి దాన్ని తెంచేవాడు. ఆయన గొలుసు తెంచడానికి గాలి నింపాడు, మనకు కోపంలో కావలసింది గాలి వదలడం. ఊపిరి వదిలేటప్పుడు వేగస్ అనే నరం గుండె వేగాన్ని కాస్త తగ్గిస్తుంది. అందుకే నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఆరో ఎనిమిదో లెక్కపెట్టేంతసేపు నెమ్మదిగా వదలమంటారు. నాలుగైదు నిమిషాలు చేస్తే తేడా తెలుస్తుంది. ఇదేదో మహామంత్రం అని నేను చెప్పను. ఇంట్లో సమస్య సమస్యగానే ఉంటుంది. చేతిలో ఉన్న గ్లాసు విసరకుండా ఉండేంత వ్యవధి దొరుకుతుంది. ఆ వ్యవధి చిన్నదేమీ కాదు.

ఆ వ్యవధిలో ఏం చూసుకోవాలి? కోపం చాలాసార్లు ముందు నిలబడుతుంది, దాని వెనక వేరొకటి దాక్కుంటుంది. మన ఊళ్లలో రోజూ జరిగేది చెబుతాను. భర్త హైదరాబాదులో కట్టడం పనికి వెళ్లాడు. భార్య, పిల్లలు, అత్తగారు ఇక్కడ. రాత్రి ఎనిమిదికి ఫోను చేస్తానన్నాడు, పదయినా చేయలేదు. ఈమె చేస్తే ఎత్తలేదు. పదిన్నరకు అతను చేశాడు. మొదటి మాట ఏమిటి? 'ఫోను ఎందుకు పెట్టుకున్నావు, పారేయ్!' అతను పన్నెండు గంటలు ఇనుప చువ్వలు మోసి వచ్చినవాడు. 'నీకేం, ఇంట్లో కూర్చుని అడుగుతావు' అంటాడు. అయిపోయింది, ఆ రాత్రికి ఇద్దరికీ నిద్ర లేదు. ఈమె మనసులో రెండున్నర గంటలు ఉన్నది కోపమా? పైనుంచి పడ్డాడేమో, ఏ ఆసుపత్రిలో ఉన్నాడో, ఈ రాత్రి ఎవరిని అడగాలి అనే భయం. అతను బతికే ఉన్నాడని గొంతు వినగానే ఆ భయమంతా కోపంగా బయటికి వచ్చింది. 'నువ్వు ఫోను ఎత్తకపోతే నాకు ప్రాణం పోయినంత పనైంది' అని ఉంటే, అదే రాత్రి, అదే ఫోను, సంభాషణ వేరేగా నడిచేది. ఉన్నదాన్ని ఉన్నపేరుతో పిలిస్తే మెదడు కూడా కొంత శాంతిస్తుందని 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం చూపించింది. భావానికి పేరు పెట్టినప్పుడు అమిగ్డలా అనే భాగం, అంటే మెదడులో ప్రమాదఘంట మోగించేది, దాని చురుకు తగ్గింది. కాబట్టి రోజుకొకసారి, ఎవరితోనూ కాదు, మీలో మీరే, ఇప్పుడు నాలో ఉన్నది ఏమిటి అని అడగండి. చిరాకా, అవమానమా, అసూయా, భయమా, ఒంటరితనమా. 'ఏదోలా ఉంది' అన్న జవాబు దగ్గర ఆగకండి.

ఇక దుఃఖం. దీని మీద ఎక్కువసేపు ఉంటాను, మాస్టారు క్షమించాలి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఏమయ్యాయో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత కొన్ని ఊళ్లకు వెళ్లినవాళ్లలో నేనూ ఉన్నాను. మనిషి పోయిన ఇంటికి మనం ఎలా వెళ్లాలో మనకు తెలుసు. ఏం మాట్లాడాలో, ఏం మాట్లాడకూడదో తెలుసు. మూడో రోజు, పదకొండో రోజు, పన్నెండో రోజు, మాసికాలు, సంవత్సరీకం. ఏ రోజు ఎవరు రావాలో, ఎవరు వండాలో, ఎవరు పక్కన పడుకోవాలో అంతా ముందే ఏర్పాటై ఉంది. దుఃఖించేవాణ్ని ఒంటరిగా వదలకుండా పెద్దలు కట్టిన ఏర్పాటు అది. మరి తోట పోయినవాడికి? ముత్తాత వేసిన చెట్టు, తాత నీళ్లు పోసిన చెట్టు, కూతురి పెళ్లి ఖర్చుకు ఆధారమైన చెట్టు. నాటు కొబ్బరి మొక్క వేస్తే కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. అరవై ఏళ్ల రైతుకు ఆ లెక్క అర్థం కాకుండా ఉంటుందా? ఆ ఇంటికి వచ్చింది ఎవరు? నష్టం నమోదు చేసుకునేవాళ్లు. ఎన్ని చెట్లు, ఎన్ని సెంట్లు, పాస్‌పుస్తకం ఉందా, ఆధార్ ఉందా. వాళ్ల పని వాళ్లు చేశారు, తప్పు పట్టను. కానీ ఆ రైతుకు పన్నెండో రోజు లేదు. చెట్టు కోసం ఏడిస్తే నవ్వుతారేమోనని సిగ్గు. ఇంట్లో ఆడవాళ్ల ముందు ఏడవకూడదు అన్న పట్టుదల ఒకటి.

కెన్నెత్ డోకా అనే పండితుడు 1980ల చివర ఇలాంటి దుఃఖం గురించి రాశాడు. లోకం గుర్తించని దుఃఖం, ఏడ్చే హక్కు లేని దుఃఖం. కడుపులోనే పోయిన బిడ్డ కోసం తల్లి పడేది ఇదే. పాడి గేదె చచ్చిపోతే ఇల్లాలు పడేది ఇదే. చేస్తున్న ఉద్యోగం పోయినవాడిదీ ఇదే. 'పోనీలే, మనుషులు దక్కారు కదా' అన్న మాటను మనం ఓదార్పు అనుకుని అంటాం. విన్నవాడికి మాత్రం ఇంక మాట్లాడకు అన్నట్టు వినిపిస్తుంది. ఆ మాట అనకండి. 'ఏ వైపు చెట్లు పోయాయి, ఒకసారి చూపించు' అని అడగండి. అతనితోపాటు తోట చివరిదాకా నడవండి. చెట్టు చెట్టుకూ కథ చెబుతాడు. చెప్పనివ్వండి.

దీనికన్నా కఠినమైనది ఇంకొకటి ఉంది. పోయారో లేదో తెలియని దుఃఖం. 2018 నవంబరు చివర, మన జిల్లా నుంచి గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి పడవల మీద పనిచేస్తున్న మత్స్యకారులను పాకిస్తాన్ అధికారులు పట్టుకున్నారు. ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం వంటి ఊళ్లవాళ్లు. 2020 జనవరి మొదట్లో వారిలో ఎక్కువమంది వాఘా సరిహద్దు దాటి వచ్చారు. ఏడాది దాటిన ఆ కాలమంతా ఇక్కడ ఇళ్లలో ఎలా గడిచి ఉంటుందో ఆలోచించండి. భర్త ఉన్నాడు, కానీ లేడు. ఎప్పుడొస్తాడో తేదీ లేదు. పండుగకు కొత్త చీర కట్టుకోవాలా వద్దా అనేది కూడా ప్రశ్నే. కట్టుకుంటే ఒకరు అంటారు, కట్టుకోకపోతే అశుభం అని ఇంకొకరు అంటారు. పాలిన్ బాస్ అనే పరిశోధకురాలు వియత్నాం యుద్ధంలో గల్లంతైన విమాన చోదకుల కుటుంబాలను 1970లలో చూసి, ఈ స్థితిని ప్రత్యేకంగా అధ్యయనం చేసింది. ఇందులో ముగింపు కోసం వెతకవద్దంటుంది ఆమె. వస్తాడు అని గట్టిగా నమ్మమని బలవంతం చేసినా తప్పే, ఇక రాడని తేల్చుకోమన్నా తప్పే. రెండూ ఒకే మనసులో ఉండనివ్వాలి. వస్తాడేమో, రాకపోవచ్చు కూడా, ఈ లోపు పిల్లవాడి బడి ఫీజు కట్టాలి. ఈ మూడూ ఒక్క వాక్యంలో పట్టాలి. మతిమరుపు జబ్బు వచ్చిన తల్లిని చూసుకుంటున్నవాళ్లకు కూడా ఇది వర్తిస్తుంది. అమ్మ ఎదురుగా ఉంది, కానీ మనల్ని గుర్తుపట్టే అమ్మ లేదు. అలాంటివాళ్లు ఈ సభలోనే ఉండవచ్చు. మీరు చికాకు పడితే చెడ్డ కొడుకో చెడ్డ కూతురో అయిపోరు. పక్కనే ఉన్న మనిషి కోసం బెంగపడటం ఎంత అలసటో చూడనివాళ్లకు తెలియదు.

భయం గురించి రెండు ముక్కలు. ఉద్దానంలో అక్షరం రాని ముసలమ్మ కూడా 'క్రియాటినిన్ ఎంత వచ్చింది?' అని, కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె అడుగుతుంది. అక్కడి కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు కాబట్టి భయానికి ఒక రూపం లేకుండా పోయింది. తాగే నీటి మీద భయం, తినే తిండి మీద భయం. భయపడినవాడు చేసే మొదటి పని, పరీక్ష చేయించుకోకుండా తప్పించుకోవడం. తెలిస్తే తట్టుకోలేను అంటాడు. ఈ జబ్బు ముదిరేదాకా పైకి ఏమీ తెలియనివ్వదు, కాబట్టి ఆ తప్పించుకోవడమే ప్రమాదం. భయం తగ్గాక వెళదాం అనుకుంటే ఎప్పటికీ వెళ్లరు. భయంతోనే, పక్కన ఒక మనిషిని తీసుకుని వెళ్లాలి. చీకటి భయం నుంచి ఇంగ్లిషులో మాట్లాడే భయం దాకా అన్నిటికీ ఇదే వరస, కాబట్టి దీన్ని ఇక్కడ వదిలేస్తాను.

అవమానం గురించి మాత్రం వదలలేను, ఎందుకంటే వెనక వరుసల్లో ఇంటర్ పిల్లలున్నారు. ఫలితాలు వచ్చే రోజున మన ఇళ్లలో ఏం జరుగుతుందో మీకూ తెలుసు, మీ తల్లిదండ్రులకూ తెలుసు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులు ఎత్తే పోటీలో, అంటే వెయిట్‌లిఫ్టింగ్‌లో, కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఇది అందరికీ తెలిసిన సగం. మిగతా సగం ఏమిటంటే, ఆమె స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు, మొత్తం 240 ఎత్తింది. ఆఖరి ప్రయత్నంలో బంగారం కోసం 137.5 కిలోలు పెట్టించుకుంది. ఎత్తలేకపోయింది. ఇద్దరు 242.5తో ఆమె కన్నా ముందు నిలిచారు. రెండున్నర కిలోలు! ఆ విఫలమైన ఎత్తు ఆమెకు గుర్తు లేకుండా ఉంటుందని నేను అనుకోను. గుర్తుంటుంది. బాధ కూడా ఉండే ఉంటుంది. కానీ ఆ ఎత్తు ఒక్కటే ఆమె అని ఎవరూ అనరు, ఈ జిల్లాలో అసలే అనరు. నీ పేపరు పోయింది అంటే పోయినది పేపరు. తల్లిదండ్రులకు ఒక మాట. ఫలితం చూసిన తర్వాత మీ నోటి నుంచి వచ్చే మొదటి వాక్యం పిల్లలకు చాలా ఏళ్లు గుర్తుంటుంది. 'అన్నం తిన్నావా' అన్నది చాలా మంచి మొదటి వాక్యం. మార్కుల సంగతి మర్నాడు మాట్లాడవచ్చు. అవి ఎక్కడికీ పోవు.

మగవాళ్లకు చెప్పవలసింది ఒకటి ఉంది, నచ్చదని తెలుసు. మన ఊళ్లలో మగవాడి బాధకు మనం చూపించిన ఒకే ఒక్క దారి సీసా. సాయంత్రం రెండు గుక్కలు పడగానే తేలిక అనిపించే మాట నిజమే. తెల్లవారుజామున నిద్ర చెదరడం, మర్నాడు ఆందోళన ఇంకాస్త పెరగడం కూడా నిజమే. ఆ పెరిగిన ఆందోళనకు మళ్లీ సాయంత్రం మందు. బాధ తగ్గించుకోవడానికి మొదలుపెట్టినది బాధకు కారణంగా మారుతుంది. దీనికి వైద్యం ఉంది, సిగ్గుపడాల్సింది లేదు.

ఇంతకీ కొందరు అంత దెబ్బ తిని ఎలా లేస్తారు? పుట్టుకతో వచ్చిన గట్టిదనమా? ఎమ్మీ వెర్నర్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను నలభై ఏళ్ల వయసు వచ్చేదాకా గమనిస్తూ వచ్చారు. అక్కడి పేదరికం, తాగుడు, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల జబ్బులు అన్నీ మనకు పరిచయమైనవే. ఇలాంటి కష్టాలు ఒకటికి మించి మీద పడిన పిల్లల్లో సుమారు మూడోవంతు మంది చక్కగా ఎదిగారు. వాళ్ల జీవితాల్లో కనిపించినవాటిలో ముఖ్యమైనది, గట్టిగా పట్టుకున్న ఒక మనిషి. తల్లో తండ్రో కానక్కర్లేదు. అమ్మమ్మ, మేనత్త, పెద్దక్క, ఒక ఉపాధ్యాయురాలు. ఇంకొకటి కూడా కనిపించింది. చాలామందికి చిన్నప్పుడే ఇంట్లో తమ మీద ఆధారపడిన పని ఒకటి ఉండేది, తమ్ముణ్ని చూసుకోవడం వంటిది. తన అవసరం ఎవరికో ఉందన్న ఎరుక.

అందుకే నిబ్బరాన్ని ఒంటరి మనిషి గుండెలో వెతకడం నాకు నచ్చదు. ఫోనుల్లో పొద్దున్నే వచ్చే సందేశాలు చూడండి, నీ బలం నీలోనే ఉంది అంటాయి. సగం అబద్ధం అది. వలస వెళ్లిన తల్లిదండ్రుల పిల్లలు ఇక్కడ అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. ఆ పిల్లల బలం ఆ అమ్మమ్మ మోకాళ్లలో కూడా ఉంది. ఆమె మోకాలి నొప్పికి మందు ఇప్పిస్తే పిల్లవాడి మనసుకూ మేలు చేసినట్టే. మీ జీవితంలో రాత్రి రెండు గంటలకు ఫోను చేయగలిగిన మనిషి ఎవరు? ఒక పేరు వస్తే, ఆ మనిషితో బాగున్న రోజుల్లో కూడా మాట్లాడుతూ ఉండండి. ఏ పేరూ రాకపోతే ఈ వారంలో అదే మీ మొదటి పని. వరసకు అక్కో బావో కానక్కర్లేదు, ఎదురింటివాళ్లు చాలు.

ఎప్పుడు వైద్యుడి దగ్గరికి వెళ్లాలి అని అందరూ అడుగుతారు. దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి చెడిపోవడం రెండు వారాలకు మించి రోజూ ఉంటే వెళ్లండి. ఇక్కడి ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. చనిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు చూడకండి, ఆ రోజే ఎవరికైనా చెప్పండి. 14416 టెలి మానస్ నంబరు, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. డబ్బు పడదు, రాత్రైనా పగలైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. ఇప్పుడే ఫోనులో వేసుకోండి, నేను ఆగుతాను. (విరామం) మీ ఇంట్లో ఎవరైనా అలాంటి మాట అంటే, 'పిచ్చి మాటలు మాట్లాడకు' అని నోరు మూయించకండి. నేరుగా అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందనే భయం వద్దు, అడగడం వల్ల అలా జరగదు.

మాస్టారు వాచీ చూసుకున్నారు. ప్రశ్నలుంటే అడగండి.

ఒక పెద్దాయన: అమ్మా, మాకు ఇవన్నీ తెలియవు. కష్టం వస్తే అరసవల్లి వెళ్లి దండం పెట్టుకుంటాం. అది చాలదా?

చాలా మంచి పని చేస్తున్నారు. గుడికి వెళ్లడంలో నడక ఉంది, కాసేపు ఊరకే కూర్చోవడం ఉంది, మన గోడు ఒకరికి చెప్పుకోవడం ఉంది, దారిలో తెలిసినవాళ్లు కనిపించడం ఉంది. వీటన్నిటికీ విలువ ఉంది. ఒక్కటే చూసుకోండి. దేవుడికి చెప్పాను కాబట్టి ఇంట్లోవాళ్లకు చెప్పనక్కర్లేదు అనుకుంటున్నారా? రక్తపోటుకు మాత్ర వేసుకుని కూడా దండం పెట్టుకుంటాం కదండీ, దీనికీ అంతే.

ఒక విద్యార్థిని: మేడమ్, మా నాన్నకు అప్పులున్నాయి. ఏమీ మాట్లాడరు. అడిగితే చదువుకో పో అంటారు. నేనేం చేయాలి?

ఎదురుగా నిలబడి ఏమైంది నాన్నా అని అడిగితే చాలామంది తండ్రులు మాట్లాడలేరమ్మా. పక్కన ఉండి పని చేస్తున్నప్పుడు మాట్లాడతారు. ఆయన పొలానికి వెళితే తోడు వెళ్లు, గేదెకు గడ్డి వేస్తుంటే నువ్వూ వెయ్యి. మొదటిరోజే అడగకు. అప్పు సంగతి నాకు తెలుసు నాన్నా, నాకు భయంగా ఉంది అని నీ భయం నువ్వు చెప్పు. అప్పు తీర్చే పని నీది కాదు, అది నీ నెత్తిన వేసుకోవద్దు. అమ్మకూ, ఆయన మాట వినే పెదనాన్నో మామయ్యో ఎవరైనా ఉంటే వాళ్లకూ చెప్పు. తిండి మానేసినా, ఒంటరిగా తిరుగుతున్నా, అందరికీ అప్పగింతలు పెడుతున్నట్టు మాట్లాడినా ఆ రోజు ఆయన్ని ఒంటరిగా వదలకండి. ఇందాక వేసుకున్న నంబరుకు నువ్వే ఫోను చేయవచ్చు. సభ అయ్యాక నన్ను ఒకసారి కలువు.

ఒక ఆశా కార్యకర్త: ఊరందరి బాధలూ మేమే వింటామండీ. ఇంటికి వెళితే మాకు చెప్పుకునే చోటు లేదు. మా సంగతి ఏమిటి?

ఈ ప్రశ్న మీరు అడగకముందే నేను మాట్లాడి ఉండాల్సింది. విన్నవాళ్లకు బరువు దిగే చోటు కావాలి. మీరు పీహెచ్‌సీకి నెలవారీ సమావేశానికి ఎలాగూ వస్తారు. నలుగురైదుగురు అరగంట ముందే రండి. ఒకరు చెప్పాలి, మిగతావాళ్లు వినాలి. ఊళ్లో పేర్లు చెప్పవద్దు, ఆ నెలలో మిమ్మల్ని ఎక్కువ బాధపెట్టినది చెప్పండి చాలు. సలహాలు ఇవ్వవద్దు, అడిగితేనే ఇవ్వండి. తర్వాతి నెల ఇంకొకరి వంతు. టీ మాత్రం తప్పనిసరి. ఆ అరగంటలో రిజిస్టర్లు మాత్రం సంచిలోంచి బయటికి తీయకండి.